తడిగుడ్డ మీద నింద

ఖాజాగూడ చెరువుకు దగ్గర్లో ఒక పాత సందులో మేము కిరాయికి ఉంటున్నాం. కింద ఇంటివాళ్లు, పైన నేనూ మా ఆయనా. ఇద్దరివీ మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. నేను చదివింది ఎలక్ట్రానిక్స్. చేసేది మాత్రం ఇంకొకరు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం. నేర్చుకున్న విద్య చేతికి తగలకుండానే పోతుందేమోనన్న బెంగతో, ఒక ఆదివారం పాత సామాన్ల దుకాణంలో కనబడిన స్వీప్ జనరేటర్‌ని ఇంటికి తెచ్చుకున్నాను. టీవీలో బొమ్మా శబ్దమూ రెండూ సరిగ్గా వచ్చేలా ట్యూన్ చేయడానికి వెనకటి మెకానిక్కులు వాడిన ఇనుప పెట్టె అది.

తెచ్చిన రోజే నాకు షాక్ కొట్టింది.

"నీకో దండం, ముందు దాన్ని బయట పెట్టు!" అన్నాడు మా ఆయన. పెట్టలేదు.

లోపల మైనం పూసిన పాత కెపాసిటర్లు ఎండి పగిలిపోయి ఉన్నాయి. అన్నీ మార్చాను. రెండు పిన్నుల తీగ పీకేసి, ఎర్త్ ఉన్న మూడు పిన్నుల తీగ వేశాను. అది విదేశీ టీవీల కోసం చేసిన పరికరం కాబట్టి, మన టీవీలకు సరిపడే సిగ్నల్ ఇచ్చే చిన్న బోర్డు తయారుచేసి లోపల బిగించాను. శనాదివారాలు చాలానే పోయాయి గానీ, ఆఫీసు పనితో అలసిన రాత్రుళ్లు కూడా ఎన్నడూ రాని నిద్ర ఆ రోజుల్లో హాయిగా పట్టేది.

ఇంటావిడ మిరపకాయలు ఎండబెట్టడానికి మేడ మీదికి వస్తూ ఒకసారి మా గుమ్మం దగ్గర ఆగింది. ఆవిడని పెద్దమ్మా అనీ, ఇంటాయన్ని పెద్దనాన్నా అనీ పిలుస్తాను.

"ఏందది బిడ్డా, రేడియోనా?"

"కాదు పెద్దమ్మా, పాత టీవీలు బాగుచేసేది."

చేట కింద పెట్టి కూర్చుంది. "మా ఇంట్ల ఒకటున్నది. దాన్ని నేనే ఖరాబు జేసిన్నంట."

కోడళ్లు రాకముందు సంగతి. పండక్కి ఇల్లు దులుపుతూ టీవీని తడిగుడ్డతో తుడిచిందట. ఆ తర్వాత బొమ్మ కుదిరితే మాట వినబడదు, మాట వినబడితే బొమ్మ చెదిరిపోతుంది. మెకానిక్కులు చేతులెత్తేశారు. అప్పటినుంచి ఇంట్లోకి మిక్సీ వచ్చినా, ఫోన్ వచ్చినా, పెద్దనాన్న అనే మాట ఒక్కటే: "తడిబట్ట పెట్టకు!"

"నవ్వుకుంటనే అంటడు. గని కోడండ్ల ముంగట అంటే మనసుల గుచ్చుకుంటది."

చెక్క తలుపుల ఆ టీవీని మా ఆయనా పెద్దనాన్నా కలిసి పైకి మోసుకొచ్చారు. షాక్ భయం లేకుండా మధ్యలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి కరెంటు ఇచ్చాను. మూత మరలు ఒక్కొక్కటే విప్పాను. లోపల నీటి తుప్పు కనబడితే ఏం చెప్పాలి? ఆ నిందకు నేనే సాక్షినవుతాను.

తుప్పు ఎక్కడా లేదు.

నా పెట్టెలోంచి సిగ్నల్ పంపి, దాన్ని గీతగా చూపించే ఆసిలోస్కోప్ తెర మీద చూశాను. వెడల్పాటి గుట్టలా రావాల్సిన గీత ఒక పక్కకు ఒరిగిపోయి సన్నటి ముల్లులా వచ్చింది. ట్యూనింగ్ కాయిళ్లలోకి టార్చి కొట్టాను. కాయిల్ లోపల మరలాంటి నల్లటి ముక్క ఒకటి ఉంటుంది. దాన్ని ఉంచిన లోతును బట్టి ట్యూనింగ్ మారుతుంది. ఇక్కడ అన్నీ అడుగుదాకా బిగించి ఉన్నాయి. నీళ్లు మరలు తిప్పవు కదా.

"పెద్దనాన్నా, వీటిని ఎవరైనా బిగించారా?"

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూశాడు.

"ఆ పండగకే మూత తీసి దుమ్ము దులిపిన. వదులుగున్నయని... నేనే బిగించిన."

వెనకే నిలబడి చూస్తున్న పెద్దమ్మ మొదట నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆగకుండా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "గట్లనా! ఇన్నేండ్ల సంది నన్ననుకుంట తిరిగినవా!"

"తప్పయింది తియ్యి," అన్నాడాయన తల గోక్కుంటూ.

నా పని మాత్రం అప్పుడే మొదలైంది. ఆ ముక్కలు పట్టేసి ఉన్నాయి. బలం పెడితే పగులుతాయి, పగిలితే టీవీ ఆశ వదులుకోవాల్సిందే. హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చచేసి, ప్లాస్టిక్ పుల్లతో మెల్లగా తిప్పాను. చివరిది ఎంతకీ కదల్లేదు. ఇక చాలు, వదిలేద్దామనుకుంటుండగా చేతి కింద జారినట్టు కదిలింది. గట్టిగా ఊపిరి వదిలాను. తెర మీది ముల్లు నెమ్మదిగా గుట్టలా విచ్చుకుంది.

సెట్‌టాప్ బాక్సుకు, దాని సిగ్నల్‌ని పాత టీవీ పట్టుకునేలా మార్చే మాడ్యులేటర్ కలిపి టీవీకి ఇచ్చాం. ఎవరో వంటావిడ వంకాయలు తరుగుతూ కనబడింది. ఆమె మాటా స్పష్టంగా వినబడింది. మా ఆయన చప్పట్లు కొట్టాడు. పెద్దమ్మ కాళ్లు చాపుకుని గోడకు ఆనుకుంది, ఎంతో దూరం నడిచొచ్చిన మనిషిలా.

"జర పక్కకు జరుగు, నాకు అడ్డమొస్తున్నవు," అంది పెద్దనాన్నతో. ఆయన వెంటనే జరిగాడు.