చిత్తడి నేల పక్కన ఆగే కారు

ఆయన కారులో వెళితే ఎక్కడికైనా ఆలస్యమే. ఎనభైల మొదట్లో అమెరికాలో, మిన్నెసోటా ఉత్తరాన మాకు తోడున్న తెలుగువారు ఆయనొక్కరే. అడవి జంతువుల డాక్టరు. చిత్తడి నేల పక్కన కారాపి, అంత చలిలోనూ అద్దం దించి మూస్ కోసం చూసేవారు. గుర్రమంత ఎత్తుండే ఆ దుప్పులు ఒకప్పుడు అక్కడ తరచూ కనిపించేవట. తెల్లతోక జింకలు పెరిగాక మూస్ అరుదైపోయాయి.

"జింకల ఒంట్లో ఒక పురుగుంటుందండీ. వాటినేం చెయ్యదు. మూస్‌కి సోకితే మెదడు పాడుచేస్తుంది," అనేవారు. జింకలు తగ్గితేనే మూస్ బతుకుతాయని, జింకల వేటకి ఇంకొన్ని పర్మిట్లు ఇమ్మని మీటింగుల్లో అడిగి అడిగి అలిసిపోయారు.

ఒక మార్చి ఉదయం ఆయనా నేనూ కారులో వెళుతుంటే ఒక ఆడ మూస్ కనిపించింది. ఆయన ముఖం వెలిగిపోయింది. అంతలోనే అది తల ఒక పక్కకి వాల్చి, ఉన్నచోటే గుండ్రంగా తిరగసాగింది. ఆయన డిక్కీలోంచి తుపాకీ తీశారు. "పడుకో తల్లీ," అని తెలుగులోనే చెప్పి, ఒక్క గుండుతో దాని బాధ తీర్చారు.

మా ఇంటికొచ్చాక కాఫీ ముట్టకుండా కూర్చున్నారు. పెరట్లోకి జింకలొచ్చాయి. మా పాప కిటికీ దగ్గరికి పరుగెత్తి, "అంకుల్, లుక్! ఎంత క్యూట్‌గా ఉన్నాయో!" అంది.

ఆయన లేచి, బాగా కనబడేలా పాపని ఎత్తుకున్నారు.

"అవునమ్మా," అన్నారు, "చాలా బాగున్నాయి."