పదకొండు సార్లు చనిపోయిన జోవెలిన్

జోవెలిన్ గురించి ఎవరడిగినా నేను ముందు ఆ దీపం సంగతే చెబుతాను. మేం కువైట్‌లో పనిచేసిన విల్లా ఫింటాస్‌లో ఉంది. వంటింటి నుంచి సామాన్ల గదికి పోయే నడవాకి కిటికీ లేదు, పట్టపగలు కూడా చీకటే. అందుకని మనిషి అడుగు పెడితే దానంతటదే వెలిగే దీపం ఒకటి పైన పెట్టించారు. నాకు వెలుగుతుంది, డ్రైవర్ ఖాసిం వలికి వెలుగుతుంది, ఆఖరికి ఇంట్లో పిల్లి పోయినా వెలుగుతుంది. జోవెలిన్‌కి వెలిగేది కాదు. ఆ పిల్ల ఇంట్లో చేరిన కొత్తలో నేను బియ్యం కోసం వెళితే, దీపం వెలిగిన వెలుగులో, అప్పటిదాకా చీకట్లో కూర్చుని తువ్వాళ్లు మడతపెడుతూ కనిపించింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"చీకట్లో ఏం చేస్తున్నావే పిల్లా?" అని కసిరాను.

"ఈ దీపం నన్ను చూడదు అక్కా" అంది, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా.

నా పేరు సూరాయమ్మ. మాది కోనసీమలో రాజోలు పక్కన ఒక లంక. ఈ ఇంట్లో పద్నాలుగేళ్లుగా వంట నాదే. నాకు నోరెక్కువ అంటారు, కాదనను. జోవెలిన్‌ది ఫిలిప్పీన్స్, సమర్ అనే లంక. లంకల మీద పుట్టినవాళ్లం కాబట్టి మాకు కుదిరిందేమో. అప్పటికి ఆ పిల్లకి ఇరవై నాలుగేళ్లు. అక్కా అనడం నేనే నేర్పాను. మా ఇద్దరి మాట సగం అరబ్బీ, సగం ఇంగ్లీషు. నాకు కోపమొస్తే మాత్రం అచ్చం రాజోలు తెలుగే.

"నేను టీవీ సీరియళ్లలో చేసేదాన్ని" అని ఒకరోజు చేపలు కడుగుతూ చెప్పింది. నమ్మలేదు. గల్ఫుకొచ్చిన ప్రతివాళ్లూ ఊళ్లో ఏదో ఒక గొప్ప వదిలేసి వచ్చామనే చెబుతారు. నేను కూడా మాకు మూడెకరాల కొబ్బరితోట ఉందని ఇక్కడ అందరికీ చెప్పి ఉన్నాను. ఉన్నవి ఏడు చెట్లు.

కానీ ఆ పిల్ల ఫోన్ తీసి చూపించింది. నిజమే, టీవీలో ఉన్నది తనే. తెల్ల గౌనులో, శవపేటికలో, చేతులు గుండెల మీద పెట్టుకుని పడుకుని ఉంది.

పదహారేళ్లప్పుడు పిన్నితో కలిసి మనీలా వెళ్లిందట. మొదటి వేషం చెరువులో మునిగి చనిపోయే బడిపిల్ల. లంకలో పుట్టిన పిల్ల కదా, నీళ్లలో నిమిషం నలభై సెకన్లు ఊపిరి బిగబట్టింది. డైరెక్టర్ చప్పట్లు కొట్టి, నీకు చావు బాగా వచ్చు అన్నాడట. అంతే, ఆ మాట ఊరంతా పాకిపోయింది. ఏ సీరియల్‌లో ఎవరు చనిపోవాలన్నా జోవెలిన్‌నే పిలిచేవాళ్లు. జ్వరంతో చనిపోయింది, విషం తాగి చనిపోయింది, బస్సు కింద పడి చనిపోయింది, పురిట్లో రెండుసార్లు చనిపోయింది. ఐదేళ్లలో మొత్తం పదకొండు చావులు. సంతలో కనబడినవాళ్లు ఒళ్లు వెచ్చగా ఉందో లేదో అని చెయ్యి పట్టుకుని చూసేవాళ్లట.

"మా నాన్నమ్మ ఒకసారి నా చావు టీవీలో చూసి, నా ఫోటో ముందు కొవ్వొత్తి వెలిగించింది అక్కా. నేను ఆవిడ పక్కనే కూర్చుని అన్నం తింటున్నాను. నా వైపు చూడనే లేదు."

తర్వాత సీరియళ్లు తగ్గిపోయి, పిలిచేవాళ్లు లేక, ఆ పిల్ల కువైట్ వచ్చి పడింది.

ఆ సీరియళ్లలో ఒకటి అరబ్బీ మాటలు వేసుకుని ఇక్కడికీ వచ్చింది. ఇంటి యజమానురాలిని మేం మామా అంటాం. ఆవిడ అత్తగారు పెద్ద మామా, ఎనభై దాటిన మనిషి, మధ్యాహ్నం పూట తప్పకుండా చూసేది. ఒకరోజు టీవీలో శవపేటిక మూత వేస్తుంటే, సరిగ్గా అప్పుడే జోవెలిన్ టీ తెచ్చింది. పెద్ద మామా టీవీ చూసింది, ఈ పిల్లని చూసింది.

"హాది మాతత్" అంది. ఇది చచ్చిపోయింది అని.

కోపంగా అనలేదు, భయపడీ అనలేదు. అదే నాకు నచ్చలేదు. ఆ రోజు నుంచి జోవెలిన్ చేతి టీ ముట్టలేదు. మామా నవ్వేసి, ముసలావిడకి మతి తప్పుతోంది అంది. మరి దీపానికి కూడా మతి తప్పిందా అని నాకు అడగాలనిపించింది.

మొన్న జనవరిలో మనీలా నుంచి ఒక మెసేజ్ వచ్చింది. పాత రోజుల్లో జోవెలిన్‌తో పనిచేసిన అసిస్టెంట్ ఇప్పుడు డైరెక్టర్ అయ్యాడట. కొత్త సీరియల్. నూడుల్స్ కొట్టు నడిపే పిల్ల వేషం. మొదటి రోజు నుంచి ఆఖరి రోజు దాకా ఉంటుంది, ఊరికూరికే నవ్వుతుంది, చనిపోదు. పది రోజుల్లో నువ్వు నవ్వే వీడియో ఒకటి పంపు, బాగుంటే వేషం నీదే అని రాశాడు.

"ఒక్కసారి బతికుండే వేషం వెయ్యాలి అక్కా. లేకపోతే ఇలాగే అయిపోతాను" అంది. ఇలాగే అంటే ఎలాగో మేమిద్దరం మాట్లాడుకోలేదు.

కానీ నవ్వు రాదే. ఆరు రోజులు ప్రయత్నం చేసింది. వీడియోల్లో పళ్లు కనబడుతున్నాయి గానీ కళ్లు శవపేటికలో కళ్లలాగే ఉన్నాయి. అవి చూసి నాకు ఏడుపొచ్చింది, ఏడుపొస్తే నాకు కోపమొస్తుంది. అప్పుడు తట్టింది అసలు సంగతి.

కువైట్ రాకముందు మా వైపు సినిమా షూటింగులకి వంట చేశాను. గోదావరి గట్టున నెలల తరబడి తీసేవాళ్లు. అక్కడ ఒక పద్ధతి ఉంది. శవం వేషం వేసినవాళ్లు షాట్ అయిపోగానే, కెమెరా ఆపకముందే, లేచి అందులోకి చూసి నవ్వాలి. ఎంత తొందరలో ఉన్నా, వాన పడుతున్నా, ఆ నవ్వు తియ్యకుండా పేకప్ చెప్పరు. చావు ఆ మనిషికి అంటుకోకుండా అలా చేస్తారు. అదే కెమెరా, అదే షాట్, మధ్యలో ఆపకూడదు.

"మీ వాళ్లు నవ్వు తీశారా?" అని అడిగాను.

"లేదు. మా ఊళ్లో అయితే చావింటి నుంచి తిన్నగా ఇంటికెళ్లకూడదు, దారిలో ఎక్కడైనా ఆగాలి. లేకపోతే చనిపోయినవాళ్లు వెంట వస్తారంటారు. నేను ప్రతిసారీ అలిసిపోయి తిన్నగా ఇంటికే వెళ్లిపోయాను."

పదకొండు చావులు, ఒక్క నవ్వూ లేదు, దారిలో ఆగిందీ లేదు. ఇంకేం మిగులుతుంది ఆ పిల్లలో?

శుక్రవారం ఇంట్లోవాళ్లంతా పెద్ద మామాతో సహా కబ్ద్‌లోని తోటకి వెళ్లారు. మధ్యాహ్నం మేమిద్దరం డాబా ఎక్కాం. నీళ్ల ట్యాంకు నీడలో చాప పరిచాను. పదకొండు చావులూ మళ్లీ చావాలి, పదకొండుసార్లూ లేచి నవ్వాలి, ఇదీ నా పథకం. ఆ పిల్ల చాప వంక చూసి వెనక్కి అడుగేసింది.

"నాకు భయంగా ఉంది అక్కా."

"ఎందుకే భయం, ఇటు చూడు, నేను చూపిస్తాను" అని చాప మీద నేనే పడుకున్నాను. జోవెలిన్ ఫోన్ పట్టుకుంది. చేతులు గుండెల మీద పెట్టుకున్నాను, కళ్లు మూసుకున్నాను. నాది ఎనభై కిలోల శరీరం. ఆ పొట్ట ఎగసిపడుతుంటే ఊపిరి బిగబట్టడం నా వల్ల ఎక్కడవుతుంది? కిసుక్కుమని చప్పుడైంది. కళ్లు తెరిస్తే జోవెలిన్ ఫోన్ దించేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. రెండేళ్లలో ఆ పిల్ల నవ్వు వినడం అదే మొదలు. నాకు ప్రాణం లేచొచ్చింది. గబగబా లేచి ఫోన్ లాక్కుని, "అదే, అలాగే, నువ్వు పడుకో" అన్నాను.

పడుకుంది. ఒక్కో చావూ పేరు పెట్టి చెప్పాను. జ్వరం, లే, నవ్వు. విషం, లే, నవ్వు. ప్రతిసారీ నవ్వు కొంచెం కళ్లలోకి ఎక్కుతోంది. పది అయ్యాయి. చెరువుది మాత్రం ఆఖర్న పెట్టాను. పడుకున్న పిల్ల ఎంతకీ లేవలేదు. పొట్ట కదలడం లేదు. సముద్రం మీంచి వచ్చే గాలికి చాప అంచు కొట్టుకుంటోంది, జుట్టు మాత్రం కదలడం లేదు. లే అన్నాను. లేవే తల్లీ అన్నాను. నిమిషం దాటింది. అయినా ఫోన్ ఆపలేదు, ఆపకూడదు కదా. నీళ్లలోంచి పైకి వచ్చినట్టు ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చుకుని లేచింది. నా మొహం చూసి, పొట్ట పట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఆ ఒక్కటే పంపించాం.

కిందికి దిగి నడవాలోకి వెళితే దీపం వెలిగింది. జోవెలిన్ వెనక్కీ ముందుకీ నాలుగుసార్లు నడిచి చూసుకుంది. నాలుగుసార్లూ వెలిగింది. రెండు రోజుల్లో వేషం తనదేనని కబురొచ్చింది. కాంట్రాక్టు కూడా అయిపోవచ్చింది, మామా కూడా సరే, ఖలాస్, ఇక వెళ్లు అంది. వెళ్లే రోజు జోవెలిన్ ఇచ్చిన టీని పెద్ద మామా రెండు కప్పులు తాగింది. నేను ఆ పిల్లని కావలించుకుని ఏడ్చాను. ఆనందంతోనే.

మార్చిలో నా ఇఖామా కోసం, అంటే ఇక్కడ ఉండే పర్మిట్ కోసం, వేలిముద్రలకి వెళ్లాను. పది వేళ్లూ పెట్టాను, మెషిన్‌కి ఒక్కటీ అందలేదు.

"ఏమి సూరక్కా, ఆ మెషిన్‌కి నువ్వు కనపడల్యా?" అని నవ్వాడు ఖాసిం వలి. రాయచోటి మనిషి, ఎగతాళి లేకుండా ఒక్క మాటా రాదు. "బ్లీచింగు, నిమ్మకాయలు, మిరప్పొడి... యాన్నుంచి మిగుల్తాయ్ ముద్రలు? మళ్లా వద్దాం పా."

నిజమే అనుకున్నాను. వంటవాళ్ల వేళ్లు అంతే. ఆ తర్వాత వారం నడవాలో దీపం వెలగలేదు. బల్బు పోయిందనుకున్నాను. నా వెనకాలే పిల్లి వచ్చింది, వెలిగింది.

మర్నాడు పెద్ద మామాకి అన్నం పెట్టాను. పద్నాలుగేళ్లుగా నా చేతి అన్నం తిన్న మనిషి. పళ్లెం మెల్లగా పక్కకి జరిపింది.

"హాది మాతత్" అంది.

అదే సాయంత్రం జోవెలిన్ తన పాత ఫోన్‌లో దొరికిన వీడియో ఒకటి సరదాగా పంపింది. చూడు అక్కా ఎంత బాగున్నావో అని రాసింది. డాబా, ట్యాంకు నీడ, చాప మీద నేను, గుండెల మీద చేతులు, మూసిన కళ్లు. పదకొండు సెకన్లు. కిసుక్కుమన్న చప్పుడుతో ఆగిపోయింది. నా నవ్వు అందులో లేదు. ఊరందరికీ పద్ధతి చెప్పిన దాన్ని, నేను పడుకున్న సంగతే మరిచిపోయాను.

వెంటనే ఫోన్ చేశాను. సంగతి వింటూనే ఆ పిల్ల గొంతు మారిపోయింది. ఫోన్ పెట్టేసి, పాత ఫోన్ నుంచి మళ్లీ వీడియో కాల్ చేసింది. నూడుల్స్ కొట్టు ఏప్రాన్ కట్టుకుని ఉంది, మొహం నిండుగా ఉంది. వెనక నుంచి ఎవరో షాట్‌కి పిలుస్తున్నారు.

"నేను వెళ్లను అక్కా, నువ్వు నవ్వేదాకా. ఆ రోజు ఫోన్ ఇదే. రికార్డు పెట్టాను. నవ్వు."

నవ్వాను. నోరంతా తెరిచి నవ్వాను.

"నవ్వవేం అక్కా?"

"నవ్వుతున్నానే తల్లీ, ఇదిగో."

"బొమ్మ ఆగిపోయింది అక్కా. కళ్లు మూసుకుని ఉన్నావు" అంది, ఏడుపు ఆపుకుంటూ. "నెట్ సరిగా లేదేమో. మళ్లీ నవ్వు."

నడవాలో నిలబడి ఉన్నాను, ఇంట్లో సిగ్నల్ బాగా వచ్చేది అక్కడే. పైన దీపం వెలగలేదు. మళ్లీ నవ్వాను.