పెద్దమ్మ రాట్నానికి మోటారు

మొన్న మా ఫ్యాక్టరీలో కొత్త మిషను దించారు. అందరూ దాని పక్కన నిలబడి ఫోటోలు తీసుకుంటుంటే, నేను మాత్రం ఇన్నాళ్ళూ ఆ పని చేతులతో చేసిన మనిషి ఎక్కడుందా అని వెతికాను. ఈ అలవాటు కాలేజీలో అబ్బింది కాదు. అమలాపురం అవతల, మావాళ్ళు పనిచేసే, కొబ్బరిపీచుతో తాళ్ళు పేనే షెడ్డులో అబ్బింది.

తొంభైల చివరి మాట. మా ఇంట్లో డిగ్రీ పట్టా తెచ్చుకున్న మొదటిదాన్ని నేను. ఆ ఊపులో కనబడ్డ ప్రతిదానికీ మోటారు బిగించాలనిపించేది. నన్ను చూస్తే ఇంట్లో రుబ్బురోలు కూడా బెదిరేదేమో. షెడ్డులో మా పిన్ని ఒడినిండా పీచు కట్టుకుని, కొస రాట్నం కొక్కేనికి తగిలించి, వేళ్ళతో పీచు అందిస్తూ వెనక్కి నడిచేది. రాట్నం తిప్పేది పెద్దమ్మ. రాత్రి భుజానికి కాపడం, పొద్దున్న మళ్ళీ రాట్నం. ఆ భుజం చూడలేకే రాజమండ్రి వెళ్ళి పాత కుట్టుమిషను మోటారొకటి కొనుక్కొచ్చాను. పెద్దమ్మ దాన్ని ముట్టుకోలేదు.

"మంచిదే తెచ్చావమ్మా. మరి రేపట్నించి నేనేం చెయ్యను?" అంది.

హాయిగా కూర్చోమన్నాను. కూర్చున్న మనిషికి కూలి ఎవరిస్తారన్నది నా పట్టాకి తోచలేదు.

మోటారుతో పాటు వచ్చిన, కాలితో నొక్కే పెడలు ఎందుకులెమ్మని పక్కన పడేసి, నేరుగా స్విచ్చికి కలిపాను. రాట్నం రివ్వున తిరిగింది. పిన్ని పీచు చిక్కు తీసుకోడానికి ఆగినా అది ఆగలేదు. తాడు మెలికలు పడి ఆవిడ మోచేతికి చుట్టుకుంది. "నీ మోటారుకి కళ్ళు లేవే" అంది పిన్ని, విడదీసుకుంటూ. నేను పెద్దమ్మ కళ్ళవైపు చూశాను; అవి పిన్ని పాదాల మీదున్నాయి. చిన్నప్పట్నించీ చూస్తున్నా అప్పుడే తట్టింది: రాట్నం తిప్పేటప్పుడూ ఆవిడ చూపు రాట్నం మీద ఉండదు, ఆ పాదాల మీదే ఉంటుంది. పాదం నెమ్మదిస్తే చెయ్యీ నెమ్మదించేది.

మర్నాడు పెడలు వెతికి తెచ్చి బిగించి, పెద్దమ్మకి పీట వేశాను. ఆవిడ పెడలుకి దణ్ణం పెట్టుకుని, బొటనవేలితో నొక్కి చూసింది. తిరిగింది. వదిలింది. ఆగింది. మధ్యాహ్నానికి తాడు ఎప్పటికంటే నున్నగా సాగుతోంది. అప్పుడొచ్చారు షెడ్డు ఆసామి. కాసేపు చూసి, "మోటారొచ్చిందిగా, ఇంకా ఇద్దరెందుకమ్మా? ఆ నొక్కేదేదో ఎవరైనా నొక్కుతారు" అన్నారు. పెద్దమ్మ కాలు తీసేసింది.

"అయితే మీరే ఓసారి నొక్కండి బాబుగారూ, నేను నడుస్తాను" అంది పిన్ని.

ఆయన పంచె సర్దుకుని కూర్చుని, పెడలు వైపే చూస్తూ నొక్కారు. పది అడుగులైనా పడకుండానే తాడు పుటుక్కున తెగింది. ఇంకోసారి నొక్కారు. ఈసారి ఆరు అడుగులే. ఆయన లేచి, పీటని పెద్దమ్మ వైపు జరిపి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆవిడ ఆ పీట మీదే పనిచేసింది. మిషను వచ్చిన రోజు అందరికీ గుర్తుంటుంది. అది ఒక మనిషికి అలవాటైపోయిన రోజు మాత్రం ఎవరికీ తెలియకుండా దాటిపోతుంది.