పెద్ద రాట్నం ఎక్కిన సంగతి

మా ఆయనకు మందమర్రి బొగ్గుబాయిలో సెలవు దొరికితే, పిల్లాడిని తీసుకుని పట్నంలో ఎగ్జిబిషన్ చూడటానికి వెళ్లాం. పెద్ద రాట్నం ఎక్కిస్తామని నెల ముందునుంచే వాడిని ఊరించాం. వాడికప్పుడు మూడో ఏడు. తీరా గేటు దాటగానే తండ్రి భుజం మీద నిద్రపోయాడు. రాట్నం ముందు నిలబడి మొహాన నీళ్లు చల్లినా లేవలేదు.

మర్నాడు తిరుగు రైల్లో "రాట్నమేదీ?" అంటూ ఏడుపు మొదలుపెట్టి, కాజీపేట దాటినా ఆపలేదు. మా ఆయన కొట్టడానికి చెయ్యెత్తాడు. ఎదురుగా కూర్చున్న బురఖా పెద్దామె, "కొట్టకు బిడ్డా, పోరన్ని ఇటియ్యి," అంది.

ఆమె చేతులనిండా ఆకుపచ్చ గాజులు. వాడిని చంకల కింద పట్టుకుని లేచి నిలబడింది. "గిప్పుడు పైకి పోతున్నం బేటా, కింద దుకాణాలు చూడు," అని తలమీదికి ఎత్తింది. "గిప్పుడు దిగుతున్నం, జర భద్రం," అని మోకాళ్లదాకా దించింది. తనకు ఆయాసం వచ్చేదాకా అలాగే తిప్పింది. వాడు నవ్వీ నవ్వీ ఆమె ఒళ్లోనే పడుకున్నాడు. ఆమె పెద్దపల్లిలో దిగిపోయింది. పేరైనా అడగలేదు.

ఇప్పుడు వాడికీ ఒక కూతురుంది. మొన్న జాతరలో ఆ పిల్ల రాట్నం చూసి జంకితే మావాడు అన్నాడు: "నీకన్నా చిన్నగున్నప్పుడే నేను పట్నంల ఎక్కిన. భయమైతే పక్కన ఆకుపచ్చ గాజులామె గట్టిగ పట్టుకున్నది."

పిల్ల నావైపు తిరిగి, "నిజమేనా నాయనమ్మా?" అంది.

"నిజమే," అన్నాను. "గట్టిగనే పట్టుకున్నది."