దాసన్న తట్టి చూసే వేలు

దాసన్న రాయిని కంటితో చూసి నమ్మేవాడు కాదు. బనగానపల్లె నుంచి బేతంచెర్ల పోయే దారిలో మా నాపరాళ్ల ఫ్యాక్టరీ ఉంది. అందులో కోత మిషను మీద ఇరవై రెండేళ్లు నిలబడ్డాడు. బండ ఎక్కించే ముందు కుడిచేతి నడిమి వేలు మడిచి, కణుపుతో తట్టేవాడు. ఖణేలుమంటే మంచిది. మొద్దుగా పలికితే లోపల పగులు. ఒక బండ బాగుంది కదా అని పక్కదాన్ని తట్టకుండా వదిలేవాడు కాదు. అతనికి బండలు అందించే కూలీని నేను.

సావుకారు కేశవయ్య కొడుకు కిరణ్‌కుమార్ కంప్యూటర్ చదువు చదివి వచ్చి, మిషనుకు కెమెరా కన్ను బిగించాడు. బ్లేడు కిందికి చెయ్యి వస్తే కన్ను చెబుతుంది, బ్రేకు పడుతుంది. ఆ ప్రోగ్రాం తనే రాశాడు.

అన్నాల వేళ ల్యాప్‌టాప్ తెచ్చి మాకు చూపించాడు. ప్రోగ్రాంలో కన్ను ఒక ఆబ్జెక్టు, బ్రేకు ఒక ఆబ్జెక్టు అట, అంటే దేనికది విడి భాగం. ఒక్కోదాన్ని విడిగా పరీక్షించాలట, అది యూనిట్ టెస్ట్. బ్రేకును పరీక్షించడానికి అసలు కెమెరా అక్కర్లేదు, మాక్ అని ఒక బొమ్మ కన్ను పెడితే చాలు. దానితో చెయ్యి ఉందని చెప్పిస్తే బ్రేకు పడాలి, లేదని చెప్పిస్తే పడకూడదు. నలభై టెస్టులకు నలభై పచ్చ గుర్తులు వచ్చాయి, అన్నీ పాసైనట్టు.

దాసన్న ముద్ద చేతిలోనే పెట్టుకుని అడిగాడు. "ఆ బొమ్మ కన్ను మీరు చెప్పమన్నదే చెప్తాది గదా సార్. అసలు కన్ను ఏం చెప్తాదో యాడ చూసినారు?"

"అది అమ్మినోళ్లు చూసే పంపించింటారు లేప్పా. నువ్వు పోయి రాళ్లు తట్టుకో."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మర్నాడు కోత నడుస్తుండగా దాసన్న ఒక కానుగ కట్టెను బ్లేడు కిందికి తోశాడు. అప్పటికే తెల్లటి రాతి బురద కెమెరా అద్దాన్ని కప్పేసింది. బ్రేకు పడలేదు. రెండు ముక్కలూ తీసుకుపోయి చూపిస్తే, కట్టెకూ చేతికీ తేడా కెమెరాకు తెలుసని కిరణ్‌కుమార్ తోసిపుచ్చాడు. కన్ను ఉంది కాబట్టి బ్లేడు మీది ఇనుప కప్పు తీసేయమన్నాడు. అది ఉంటే కోత నిదానమట. ఊడదీసింది నేనే.

నాలుగో రోజు, జారుతున్న బండను సర్దబోయి దాసన్న కుడిచేతి నాలుగు వేళ్లు పోగొట్టుకున్నాడు. బొటనవేలు మిగిలింది.

బురద పట్టిన కన్ను చెయ్యి ఉందనీ చెప్పలేదు, లేదనీ చెప్పలేదు. ఊరుకుంది. జవాబు రాకపోతే చెయ్యి లేనట్టేనని ప్రోగ్రాం అనుకుంది. బొమ్మ కన్ను ఎప్పుడూ ఏదో ఒకటి చెప్పేది. ఊరుకునే కన్ను ఆ నలభై టెస్టుల్లో లేదు.

విచారణకు వచ్చిన అధికారికి కేశవయ్య పచ్చ గుర్తుల కాగితం చూపించాడు. మిషను మంచిదే, మనిషే అజాగ్రత్త అన్నాడు. ఆ మాటకు సాక్షి సంతకం కావాలన్నారు. ఐదో తరగతిలో బడి మానేసినా సంతకం వచ్చు నాకు. పెట్టాను.

కిరణ్‌కుమార్ ప్రోగ్రాం దిద్దాడు. బొమ్మ కన్నును ఊరుకోబెట్టి, అప్పుడూ బ్రేకు పడాలని నలభై ఒకటో టెస్టు రాశాడు. ఇప్పుడు అద్దం మసకబారితే చాలు, బ్లేడు ఆగిపోతుంది. పది నిమిషాలకోసారి ఆగుతుంటే కోత సాగడంలేదని కేశవయ్య విసుక్కున్నాడు.

కట్లు విప్పాక దాసన్న పని అడగడానికి వచ్చాడు.

"రాయి తట్టేదానికి వేలే లేదు, నిన్నేం చేసుకోవల్ల?" అన్నాడు కేశవయ్య. "ఆ అద్దం తుడిచే పని ఉండాది. ఎడమచెయ్యి బాగానే ఉండాది గదా."

దాసన్న కిరణ్‌కుమార్ వైపు తిరిగాడు. "బొమ్మ కంటికి బొమ్మ చెయ్యే పెట్టింటే సరిపోయేది గదా సార్."

అని అద్దం తుడిచే గుడ్డ అందుకున్నాడు.

ఇప్పుడు కోత మిషను మీద నేను నిలబడుతున్నాను. కప్పు మళ్లీ బిగించలేదు. దాసన్న పక్కనే స్టూలు మీద కూర్చుంటాడు. నేను బండ ఎక్కించబోతే అలవాటుగా ఆ మొండిచెయ్యి లేస్తుంది, మళ్లీ దించుకుంటాడు. సంతకం సంగతి ఒక్కనాడూ ఎత్తలేదు. అద్దం మాత్రం మచ్చ లేకుండా తుడుస్తాడు. బ్లేడు కింద ఇప్పుడు ఉండేది నా చెయ్యి.