సిలార్‌కి మతి ఎప్పుడు పోయింది

పర్చూరు పరుపుల బజారులో కరీమున్ నోటికి జడవనివాళ్ళు లేరు. బేరమాడే అలవాటున్న ఆడవాళ్ళు ఆవిడ కొట్టు దాటి పక్క కొట్టుకు పోతారు. ఆ పక్క కొట్టువాడు కూడా ఆవిడ చెవిన పడేలా ధర చెప్పడు. బూరుగు దూదితో దిండు కుట్టడంలో ఆవిడ చేతికి మంచి పేరుంది. ఆ పేరు చేతికే, మనిషికి లేదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, దానికి విచారమూ లేదు.

అలాంటి మనిషి ఉన్న ఊరికి, వయసు మీదపడ్డాక మతిమరుపు జబ్బు కొందరికే ఎందుకొస్తుందో తేల్చాలని హైదరాబాదు నుంచి పరిశోధన చేసేవాళ్ళు వచ్చారు. కమ్యూనిటీ హాల్లో మకాం పెట్టి, ముసలివాళ్ళను ఒక్కొక్కరినే పిలిచి రక్తం తీశారు, నడిపించారు, నాలుగు మాటలు చెప్పి కాసేపయ్యాక అవే మాటలు తిరిగి చెప్పమన్నారు. ఇళ్ళు తిరిగి జనాన్ని కూడగట్టే పని ఆశా కార్యకర్త నజ్మీన్‌ది. నజ్మీన్ కరీమున్‌కి ఒక్కగానొక్క కూతురు. కూతురు బతిమాలితే ఆవిడా వెళ్ళింది. వెళ్ళి, రక్తం తీసిన పిల్లని తిట్టి, కుర్చీ బాగాలేదని తిట్టి, మాటలు తిరిగి చెప్పమన్న డాక్టరు దీప్తిని, పనీపాటా లేదా నీకు అని అడిగి వచ్చేసింది.

తరవాత దీప్తి ఆ బజారుకి వచ్చింది ఈవిడ కోసం కాదు, సిలార్ కోసం.

సిలార్ కరీమున్ మొగుడు. ఆ మాట ఆవిడ ముందు ఎవరూ అనరు. ఆవిడ ఆ పేరు పలకదు. పాతకాలం ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు, అది మర్యాద. ఈవిడ పలకకపోవడంలో మర్యాద మచ్చుకైనా లేదు. ఎప్పుడైనా చెప్పాల్సి వస్తే 'ఆ మనిషి' అంటుంది.

ఒకప్పుడు ఈ చుట్టుపక్కల విల్లు పట్టి దూది ఏకడంలో ఆ మనిషి తరవాతే ఎవరైనా. భుజాన విల్లు, చంకలో సంచీ వేసుకుని ఇంటి ముందు నిలబడి, 'ఒక్కరికా, ఇద్దరికా?' అని అడిగేవాడు. అతనికి అదే కొలత. జవాబు వినగానే గుడ్డ ఎంత పడుతుందో, దూది ఎంత కావాలో చెప్పేసేవాడు. కొత్తగా పెళ్ళయిన ఇంట్లో పెళ్ళికూతురు ఆ ప్రశ్నకి తల వంచుకుంటే తను నవ్వేవాడు. కరీమున్ కూడా ఆ నవ్వు చూసే పడింది. ఆవిడ ఖర్మ.

వాడరేవులో ఒక లాడ్జికి పరుపులు కుట్టే బేరం మాట్లాడ్డానికి వెళ్ళి, అక్కడ ఎండుచేపలు అమ్మే సామ్రాజ్యం అనే ఆవిడ ఇంట్లో ఉండిపోయాడు. ఒకే ఒక్కసారి తిరిగొచ్చి తన సామాను పట్టుకుపోయాడు. నజ్మీన్ అప్పటికి ఇంకా బడికి పోని పిల్ల. నాన్న ఎందుకు రాడని అన్నం ముట్టకుండా కూర్చుంటే, కరీమున్ నోటికొచ్చింది చెప్పింది. ఆ వాడరేవు మనిషి చేపల పులుసులో మందు పెట్టింది, మీ నాన్నకి మతి పోయింది, పాపం ఆయనకి మనం గుర్తులేమే అంది. పిల్ల కళ్ళు తుడుచుకుని అన్నం తింది.

మందు పెట్టారంటే ఈ గడ్డ మీద రుజువు అడిగేవాడు లేడు. తెల్లారేసరికి బజారంతా అదే మాట. ఒకరు మందు కక్కించేవాడి ఊరు చెప్పారు, ఒకరు తాయెత్తు తెచ్చిచ్చారు. కరీమున్ అవుననలేదు, కాదనీ అనలేదు. మొగుడు వదిలేసిన ఆడదాన్ని బజారు ఒకలా చూస్తుంది. మందు పెట్టి మొగుణ్ణి లాగేసుకుంటే అన్యాయమైపోయిన ఆడదాన్ని ఇంకోలా చూస్తుంది. రెండో చూపు కింద బతకడం తేలిక. అలాగే బతికింది, దిండ్లు కుట్టి కూతుర్ని చదివించింది, ముప్పై ఏళ్ళు దాటిపోయాయి.

కిందటేడు సామ్రాజ్యం పోయింది. ఆవిడ తరఫువాళ్ళు సిలార్‌ని ఆటో ఎక్కించి తెచ్చి, ఈ బజారులోనే ఉన్న అతని తమ్ముడి కొడుకు షబ్బీర్ పరుపుల కొట్టు ముందు దింపేసి, మంచినీళ్ళయినా తాగకుండా వెళ్ళిపోయారు. మనిషి వచ్చాడు గానీ మతి రాలేదు. ఎక్కడున్నాడో తెలియదు, పొద్దు తెలియదు, తిన్నదీ తెలియదు. అమ్మకానికి పెట్టిన కొత్త పరుపుల కుట్లు విప్పి దూది బయటికి లాగుతాడు. రెండుసార్లు చీరాల రోడ్డెక్కి లారీల మధ్య నడిచాడు. షబ్బీర్ చెడ్డవాడు కాదు, ఓపిక లేనివాడు. పెదనాన్నని కొట్టు వెనక గదిలో పెట్టి బయట గొళ్ళెం వెయ్యడం మొదలెట్టాడు.

నజ్మీన్ ఆ గొళ్ళెం చూసి తట్టుకోలేకపోయింది. తన చేతిలో పరిశోధనవాళ్ళు ఉన్నారు కదా అనుకుంది. వాళ్ళ లెక్కలోకి ఎక్కితే గుంటూరులో తల స్కానింగు, మందులు, నెలనెలా ఇంటికొచ్చే నర్సు, ఇలాంటి మనిషిని గొళ్ళెం లేకుండా ఎలా చూసుకోవాలో నేర్పేవాళ్ళు. దీప్తి కూడా సరేనంది. సరేనని, జబ్బు ఎప్పుడు మొదలైందో కనుక్కోవడానికి బజారులో నలుగుర్నీ అడిగింది. అక్కడే గొడవొచ్చింది. అడిగిన ప్రతివాళ్ళూ ఒకటే మాట చెప్పారు. ముప్పై ఏళ్ళ కిందటే మందు పెట్టారండి, అప్పుడే మతి పోయింది, అందరికీ తెలిసిందే అన్నారు. షబ్బీర్ అదే చెప్పాడు. నజ్మీనూ అదే చెప్పింది.

దీప్తి మందు సంగతి పట్టించుకోలేదు గానీ, ముప్పై ఏళ్ళ సంగతి పట్టించుకోకుండా ఎలా ఉంటుంది?

“మేం చూసేది వయసుతో వచ్చే జబ్బునండి,” అంది నజ్మీన్‌తో. “పడుచువయసులోనే మతి తప్పిన మనిషిది వేరే జబ్బు. ఆయన్ని నేను చేర్చుకోలేను. ఆ రోజుల్లో ఆయన బుర్ర బాగానే ఉందని, కూడా ఉండి చూసినవాళ్ళు ఎవరైనా చెప్పాలి.”

వాడరేవువాళ్ళకి ఫోను చేస్తే ఎత్తలేదు. కూడా ఉండి చూసినవాళ్ళు ఇంకెవరున్నారు, ఒక్కరే.

నజ్మీన్ తల్లి దగ్గరికి వచ్చి కూర్చుంది. మందు మెల్లమెల్లగా ఎక్కిందని చెప్పమంది. మొదట్లో బాగానే ఉన్నాడు, ముసలితనంలో ముదిరింది అని చెబితే డాక్టరుగారు ఒప్పుకుంటారేమోనంది. కరీమున్ దిండులోకి దూది కూరుతూనే ఉంది. అప్పుడు ఆ పిల్ల అనకూడని మాట అంది.

“అమ్మా, ఇందులో నాన్న తప్పేముంది చెప్పు. తెలిసి చేశాడా ఏమన్నా?”

కరీమున్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. కూతుర్ని లేచి పొమ్మంది. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. ఈ మనిషి చావకుండానే చారెడు కళ్ళవాడైపోయాడు. కూతురికి జాలి, డాక్టరుకి జాలి, అప్పట్లో తాయెత్తులు తెచ్చినవాళ్ళందరికీ జాలి. మరి దిండ్లు కుట్టి కుట్టి దూది ధూళికి దగ్గుతూ బతికిన తన మీద జాలిపడ్డవాడు ఒక్కడైనా ఉన్నాడా?

మర్నాడు పొద్దెక్కాక షబ్బీర్ కొట్టుకి వెళ్ళింది. చూడ్డానికి కాదు, తిట్టడానికి. ఇన్నేళ్ళూ దబ్బనంలా సానబెట్టి ఉంచుకున్న మాటలున్నాయి. అవన్నీ మొహం మీద అనేసి రావాలనే వెళ్ళింది.

షబ్బీర్ ఆ పూట గొళ్ళెం తీసి, ఆయన్ని కొట్టు అరుగు మీద కూర్చోబెట్టాడు. ఒళ్ళు చిక్కిపోయింది. గడ్డం ఎవరో వంకరగా గొరిగారు. ఒళ్ళో గుప్పెడు దూది పెట్టుకుని పోగులు విడదీస్తున్నాడు. నీడ పడితే తలెత్తి చూసి, గిరాకీ వచ్చిందనుకుని నవ్వాడు.

“రామ్మా. ఒక్కరికా, ఇద్దరికా?”

కరీమున్ నోరు తెరిచింది. ఎవరిని తిట్టాలి? ఆ మాటలు వినాల్సినవాడు లేడు. ఆ నవ్వు ఉంది, ఆ ప్రశ్న ఉంది, చేసిన పని గుర్తున్న మనిషి లేడు. ఆవిడ గిరుక్కున తిరిగి వచ్చేసింది.

ఆ రోజంతా ఆవిడ కొట్టు ముందు ఎవరూ ఆగలేదు. మొహం అలా ఉంది. ఆలోచించే కొద్దీ ఒళ్ళు మండింది. అప్పుడు మందు, ఇప్పుడు జబ్బు. ముందు తనే ఆ మనిషికి ఒక అబద్ధం కప్పింది, పైన దేవుడు ఇంకోటి కప్పాడు. ఇక వదిలేసి పోయినవాడు లేడు, వదిలేయించుకున్నది మాత్రం ఉంది. తను నోరు మూసుకుంటే ఆ మనిషి గొళ్ళెం వెనకాల చస్తాడు, చచ్చినా పాపం అనిపించుకునే చస్తాడు. నోరు తెరిస్తే గొళ్ళెం ఊడుతుంది, పాపం కూడా ఊడుతుంది. కానీ నజ్మీన్ ఎవర్ని చూసుకుని ఇంతదాకా వచ్చిందో, ఆ మందు తిన్న అమాయకపు నాన్నా ఊడిపోతాడు.

మర్నాడు ఆవిడే దీప్తికి కబురు పెట్టింది. షబ్బీర్ కొట్టు ముందు కుర్చీలు వేశారు. నజ్మీన్ తండ్రి పక్కన కూర్చుంది. ఇరుగుపొరుగువాళ్ళు, పిలవకుండానే, వినపడేంత దూరంలో నిలబడ్డారు. దీప్తి ముందే చెప్పింది, ఇది నయమయ్యే జబ్బు కాదమ్మా, ఎందుకొస్తుందో ఇంకా తెలుసుకుంటున్నాం, కొంచెం నెమ్మదించేలా చూడగలం, అంతే అని. కరీమున్, నయం చెయ్యమని నేనడగలేదు, నువ్వడగాల్సింది అడుగు అంది. ఇంట్లోంచి వెళ్ళిపోయేనాటికి ఆయనకి మతి తప్పిందా అని దీప్తి అడిగింది.

“మందూ లేదు, మాకూ లేదు,” అంది కరీమున్. “నేనే పుట్టించా ఆ మాట.”

ఆవిడ ఎవరి వైపూ చూడకుండా, దీప్తికి మాత్రమే చెప్పింది.

“ఆ పొద్దున వచ్చాడు. విల్లు తీసుకున్నాడు. కత్తెర, దబ్బనాలు తీసుకున్నాడు. తలుపు వెనక మేకుకి నేను తగిలించిన పురికొస ఉండ కూడా గుర్తుపెట్టుకుని తీసుకున్నాడు. కోటి గారింటి పరుపు సగంలో ఉంది, అంచు కుట్టు నువ్వు పూర్తిచెయ్ అన్నాడు. పిల్ల నిద్రపోతోంది, లేపొద్దు, నన్ను చూస్తే ఏడుస్తది అన్నాడు. అదమ్మాయ్ ఆ రోజు ఆయన తెలివి. ఏదీ మర్చిపోలేదు. నన్నూ పిల్లనీ మర్చిపోయి పోలేదు, గుర్తుండే పోయాడు.” దీప్తి చేతిలో కాగితం వైపు వేలు చూపించి, “సిలార్‌కి మతి ఉంది. రాసుకో,” అంది.

ఆ పేరు ఆవిడ నోట రావడం ఆ బజారు ఎప్పుడూ వినలేదు. సిలార్ మాత్రం దూది పోగులు విడదీసుకుంటూ ఉన్నాడు, పేరు ఎవరిదో అన్నట్టు.

దీప్తి ఇంకా చాలా అడిగింది. చేతి పని ఎలా ఉండేది, దారులు గుర్తుండేవా, కోపం ఎలాంటిది అని. కరీమున్ అన్నిటికీ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. దీప్తి లేచి, ఈయన్ని చేర్చుకుంటున్నాం అంది. షబ్బీర్ ఊపిరి పీల్చుకున్నాడు. నజ్మీన్ మాత్రం తండ్రి పక్కనుంచి లేచి, కుర్చీ ఇంకోచోటికి జరుపుకుంది. తల్లి వైపు చూసి, మరి నాకెందుకలా చెప్పావని అడిగింది.

“అన్నం తింటావని,” అంది కరీమున్.

నజ్మీన్ సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. ఆ తరవాత డ్యూటీ మీద బజారుకి వస్తుంది, నర్సుని తండ్రి దగ్గరికి తీసుకెళ్తుంది, తల్లి కొట్టు ముందునుంచే నడుస్తుంది గానీ ఆగదు. తండ్రినీ మునుపటిలా నాన్నా అని పిలవదు. కరీమున్ తిట్టిపోసేది కూతుర్ని తప్ప అందర్నీ. బజారువాళ్ళు ఇప్పుడు ఆవిడని, మొగుడు వదిలేసిన ఆడదాన్ని చూసే ఆ మొదటి చూపే చూస్తున్నారు, ఆలస్యంగానైనా.

నర్సు చెప్పాక షబ్బీర్ గొళ్ళెం ఊడబీకేశాడు. సిలార్‌ని అరుగు మీద కూర్చోబెట్టి, పాత దూది ఇచ్చి, విడదీసుకోమంటున్నాడు. మిరపకాయల లారీలు తిరిగే కాలం వచ్చింది, బజారంతా ఘాటు. ఒక సాయంత్రం కరీమున్ దారం కోసం ఆ కొట్టుకి వెళ్ళింది. వెళ్ళాల్సిన పని లేదు, దారం ఏ కొట్లోనైనా దొరుకుతుంది. సిలార్ తలెత్తి ఆవిడని చూసి నవ్వాడు.

“రామ్మా. ఒక్కరికా, ఇద్దరికా?”

“ఒక్కదానికే,” అంది కరీమున్.

అతను సరేనన్నట్టు తలూపి, ఒళ్ళో ఉన్న దూదిలో సగం తీసి పక్కన పెట్టేశాడు.