పోపు లేని పాలకూర

మా అత్త పోయిందన్న ఫోను వచ్చినప్పుడు నేను బడిలో మూడో తరగతికి ఎక్కాలు చెబుతున్నాను. ఆసుపత్రి నుంచి మా ఆయన "అమ్మ ఎల్లిపోనాది" అన్నారు, అంతే. పిల్లలు ఏడో ఎక్కం మధ్యలో ఆగి నా మొహం చూస్తున్నారు. నాకు ఏడుపు రాలేదు. ఇక పదకొండు రోజులు మా ఇంట్లో పోపు ఉండదు అన్న ఆలోచన ముందు వచ్చింది. ఇదేం బుద్ధే నీకు అని నన్ను నేనే తిట్టుకున్నాను. మీకూ వింతగానే ఉంటుంది. కానీ ఆవిడ గురించి చెప్పాలంటే పోపు దగ్గరే మొదలుపెట్టాలి.

మాది నెల్లిమర్ల దగ్గర పల్లె. మావైపు చావు జరిగిన ఇంట్లో శుద్ధి అయ్యేదాకా పోపు పెట్టరు. ఉడికించిన పప్పు, ఉడికించిన కూర, ఇంత ఉప్పు. మా అత్త పొయ్యి మీద ఒకే ఏడాదిలో రెండుసార్లు అలా పోపు ఆగిపోయింది. ముందు మా మామ. నాలుగు నెలలు తిరక్కుండా తొమ్మిదేళ్ల కూతురు, జ్వరంతో. పెద్దలు లంఖణం అన్నారు, ఈవిడ అన్నం పెట్టలేదు. పెట్టే వేళకి ఆ పిల్ల తినే స్థితిలో లేదు. ఆ తరవాత నలభై ఏళ్లపాటు మా అత్త పోపు పడని గిన్నె పిల్లల ముందు పెట్టలేదు. మజ్జిగలో కూడా నాలుగు ఆవాలు వేయించి పోసేది.

రెండేళ్ల కిందట మా అమ్మాయికి పచ్చకామెర్లు వచ్చాయి. అప్పుడది ఇంటర్ మొదటి ఏడు. డాక్టరు నూనె, కారం, పోపు అన్నీ మానమన్నాడు. నేను వండిపెట్టే చప్పిడి పప్పు చూస్తేనే దానికి వాంతి. పన్నెండు రోజుల్లో మెడ కింద ఎముకలు తేలాయి. మంచం మీద పడుకుని, కొరియావాళ్లు అన్నం పక్కన చిన్న చిన్న గిన్నెల్లో పెట్టుకునే కూరలు ఫోనులో చూస్తూ ఉండేది. ఒకరోజు "అమ్మా, ఇది తింటాను" అంది. పాలకూర మరిగే నీళ్లలో ముంచి తీసి, చన్నీళ్లలో వేసి, గట్టిగా పిండి, ఉప్పూ వేయించిన నువ్వులూ నలిపి కలపడం. నాముల్ అంటారట. తింటాను అన్న మాటకే నా ప్రాణం లేచొచ్చింది.

మా అత్త వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"పోపు నేకండా, పైన నువ్వులు సల్లీసి! ఓలమ్మా, ఇది బతికున్న పిల్లకి పెట్టే కూడేనా? సూస్తా సూస్తా నానొండనివ్వను."

నాకు కోపమొస్తే నోటికి అడ్డూ ఆపూ ఉండదు. "నీ కూతుర్ని పొట్టన పెట్టుకున్నావు, సాలదేటత్తా? నా కూతుర్ని కూడానా?" అనేశాను.

ఆవిడ కొంగు సర్దుకుని పెరట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు నేను లేచేసరికి పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. ఆవిడ పాలకూర కడుగుతోంది. మొదటిసారి అలవాటుకొద్దీ పప్పులోకి ఉడికించినట్టు ఉడికించి, గుత్తితో మెత్తగా ఎనిపేసింది. "మామ్మా, ఎనపకూడదే! ముంచి తీసీడమే" అని మా అమ్మాయి పకపకా నవ్వింది. ఎన్నాళ్లకు విన్నానో ఆ నవ్వు. రెండోసారి కుదిరింది. పిండడం మాత్రం ఆవిడకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. పడుచుతనంలో చెరువులో గోగునార ఉతికి పిండిన చేతులవి. ఆ పిడికిట్లోంచి వచ్చిన పాలకూరలో చుక్క నీరు ఉండేది కాదు.

అప్పుడు చేసిందావిడ అసలు పని. పక్క పొయ్యి మీద పోపు గరిటె పెట్టి, చెంచాడు నూనెలో ఆవాలు వేసింది. అవి చిటపటమనగానే చెవి ఒగ్గి విని, "పలికినాయి" అంది. ఆ పోపు మా పప్పులో పోసేసి, ఆ తరవాతే పాలకూర గిన్నె పిల్ల ముందు పెట్టింది.

"అది తినకపోనీ, ఈ ఇంట్లో పోపు పడ్డాదని తెలాల" అంది. ఎవరికి తెలియాలో చెప్పలేదు. నేనూ అడగలేదు. పిల్ల మూడు ముద్దలు తిని ఇంకో ముద్ద అడిగింది.

తరవాత పెసర మొలకలు, కీరాదోస, ముల్లంగి, అన్నీ అలాగే వండింది. ఏది చేసినా పక్కన ఆవాలు పలకాల్సిందే. అమ్మాయి పూర్తిగా కోలుకున్నాక ఇద్దరూ కలిసి క్యాబేజీతో కిమ్చీ అనే కొరియా ఊరగాయ కూడా పెట్టారు. నౌపడ కల్లుప్పు పట్టించి ఊరబెట్టి, కారం కలిపేవేళ మా అత్త ఎవరూ చూడకుండా గుప్పెడు ఆవపిండి వేసేసింది.

"మామ్మా, కొరియావోలు ఆవపిండి ఎయ్యరే!"

"ఆల్లకి తెలీపోతే మనం సెప్పాల గానీ, మానీడమేటి?"

ఆ కిమ్చీ రెండు వారాలు తిన్నాం. బాగుంది కూడా. ఆవిడ మాత్రం వీటిలో ఏదీ నోట పెట్టలేదు. రుచి చూడత్తా అంటే, "గిన్నె కాళీ అయినాది కదా, ఇంక రుసేటి?" అనేది.

ఆవిడ లేకపోతే నాకీ పిల్ల లేదు. ఆ మాట ఆవిడతో చెప్పాలని, నేనన్న మాటకు క్షమించమని అడగాలని రెండేళ్లూ అనుకున్నాను. పొద్దున బస్సు తొందర, సాయంత్రం తలనొప్పి. అవన్నీ వంకలు. నాకు సిగ్గేసింది, అదీ అసలు సంగతి.

మైల రోజుల్లో, నాలుగో నాడు, మా అమ్మాయి తనంతట తనే లేచి పాలకూర ముంచి తీసి పిండింది. నువ్వులు నలిపి వేసింది. అలవాటుగా ఆవాల డబ్బా మీద చెయ్యి వేసి, గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది. మా అత్త చెల్లెలు ఒక ముద్ద తిని, "సప్పిడి కూడైనా నోటికి బాగున్నాదే. ఎవులు నేర్పినారే?" అంది. "మామ్మ" అంది అమ్మాయి.

నాకు అప్పుడొచ్చింది ఏడుపు. దాన్ని పెరట్లోకి తీసుకెళ్లి, ఆ రోజు మామ్మను నేనన్న మాట చెప్పేశాను.

"నాకు తెలుసమ్మా, మంచం మీంచి విన్నాను" అంది. "ఆ సాయంత్రమే మామ్మ నా పక్కన కూకొని సెప్పినాది. మీ యమ్మ అరిసిందని తప్పుగా అనుకోకే గుంటా, ఆ దినాల్లో నా మీద అలగ అరిసే మనిసి ఒక్కలున్నా నా పిల్ల బతికీది, అన్నాది."

పదకొండో రోజు శుద్ధి అయింది. ఇల్లు కడిగి, పొయ్యి అలికాం. ఇంకా పప్పు కూడా కడగలేదు. అమ్మాయి తడి జుట్టుతోనే వచ్చి, పోపు గరిటె పొయ్యి మీద పెట్టి ఆవాలు వేసింది. చిటపటమన్నాయి. చెవి ఒగ్గి వింది.

"పలికినాయి మామ్మా" అంది.

ఆ పోపు పొయ్యడానికి పొయ్యి మీద ఏ గిన్నే లేదు. అది గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. ఆవాలు ఇంకా ఒకటీ అరా ఎగురుతున్నాయి.